మోకా పాత్రలో లూనా

బడిలో ఆఖరి పరీక్షకి
స్వీయచిత్రం వేసి తెమ్మన్నారు.
మూడు రోజులు అద్దం ముందు కూర్చున్నాను.
అమ్మ ముక్కు. కార్డిఫ్‌లో ఉన్న నాన్న చెవులు.
ఎండ తగిలితే కందిపోయే తెలుపు, దాని మీద గోధుమ చుక్కలు.
అన్నీ నిజమే.
ఎవరో తెలిసినమ్మాయిలా ఉంది, అంతే.

నాలుగోనాడు పొద్దున్నే సబాతీనో
స్టవ్ మీద కాఫీ పెట్టాడు.
ఎనిమిది పలకల పాత మోకా పాత్ర,
పిడి ఒక పక్క కాలి వంగిపోయింది.
వంగి చూస్తే ఎనిమిది చీలికలుగా నేను,
నా భుజం వెనక సాగిపోయిన కిటికీ,
కిటికీలో బెడ్‌ఫర్డ్ వాన,
వానలో కూడా టమాటా మొక్కలకి నీళ్లు పోస్తున్న
సబాతీనో వాళ్లమ్మ, మా అందరికీ నొన్నా.
కాఫీ పొంగింది. ముఖం ఆవిరైంది.
అదే వేద్దామనుకున్నాను.

ఎలునెడ్ అన్న నా పేరు ఆవిడ నోట తిరగదు.
ముందూ వెనకా కొరికేసి లూనా అంటుంది.
వాళ్ల భాషలో చందమామ.
వేల్స్ పేరు పొట్టలో అది దాక్కుని ఉందని
మాకెవరికీ తెలీదు.

ఒంటి రంగు కోసం ఇటుక అరగదీశాను.
గరాజు తలుపుకి అడ్డుపెట్టే ఇటుక,
పంతొమ్మిదేళ్లకి బట్టీ పనికి వచ్చిన తాత
మొదటి వారం కోటు కింద దాచి తెచ్చిందట.
ఆయన్ని నేను చూడలేదు. దగ్గు గురించి విన్నాను.
ఆ పొడిని గుడ్డు సొనలో కలుపుతుంటే
నొన్నా వచ్చి గిన్నెలోకి చూసి
తెల్లసొన ఏం చేశావని అడిగింది.
సాయంత్రానికి అది బిస్కెట్లయింది.

మెడ దగ్గర అతికించిన గుడ్డ
నా పదకొండో ఏటి జాకెట్టు.
ఆగస్టులో గరాజు నిండా టమాటాలు ఉడుకుతుంటే
కావాలనే తెల్లది తొడుక్కుని దిగాను.
ఎవరూ ఏమీ అనలేదు. గరిటె ఇచ్చారు.
మూడు రోజులు ఉతికినా ఆ ఎరుపు పోలేదు.
ఇప్పుడు దాని మీద రంగు వేయాల్సిన పని లేదు.

మారుతండ్రంటే
నాన్నకి బదులు వచ్చినవాడనుకునేదాన్ని.
నొన్నా బల్ల దగ్గర ఇంకో అర్థం దొరికింది:
చాలు, చాలంటున్నా
పళ్లెంలో పడే మారు వడ్డన.
మొదట తిన్నది ఎక్కడికీ పోదు.

చెయ్యి మాత్రం సరిగ్గా కుదిరింది.
అయిదు వేళ్లూ మొగ్గలా ముడిచి
పైకీ కిందకీ ఆడించే చెయ్యి.
"ఏంటి నీ గోల?" అని దానర్థం.
నాలుకకి పది మాటలు రాకముందే
చెయ్యి ఆ భాష నేర్చేసుకుంది.
మొన్న బస్సు డ్రైవర్‌తో అలాగే పోట్లాడితే
అమ్మ తల తిప్పుకుని నవ్వింది.

"నువ్వు ఇటాలియన్‌వి కాదు కదా," అన్నాడు దొనాతో,
సబాతీనో కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద.
కాసేపాగి,
"సెలవులకి ఊరెళ్తే నన్ను ఇంగ్లీషోడంటారు," అన్నాడు.
ఒక బిస్కెట్ తీసుకుని వెళ్లిపోయాడు.

మిస్ ఒకాఫర్ చాలాసేపు చూసి అడిగింది:
ఇందులో నీదేది, అరువు తెచ్చుకున్నదేది?
చెడ్డ ప్రశ్న కాదు.
నా దగ్గర జవాబు లేదు.
ఇంటికొచ్చే దారంతా వెతుక్కున్నాను,
వంతెన మీద ఆగి మరీ.

పటం ఇంకా ఆరలేదు, బల్ల మీద పెట్టాను.
నొన్నా కళ్లజోడు తెచ్చుకుంది.
ఎనిమిది ముఖాల్నీ ఒక్కొక్కటే చూసింది.
బాగుందనలేదు. పోలికలు వెతకలేదు.
"తిండి తినట్లేదు నువ్వు," అంది.
అని, బొటనవేలు నాలుకకి అద్దుకుని,
చర్చికి బయల్దేరేముందు మనవల మూతులు తుడిచినట్టే
మూడో చెంప మీద మరకని గట్టిగా తుడిచేసింది.

అది మరక కాదు. నీడ.
రెండు రాత్రులు కూర్చుని వేసిన నీడ.

చెంప మీద వేలిగీతలు మిగిలాయి.
ఆవిడ వేలికి ఇటుక రంగు.
నేను కుంచె తీయబోయి, మళ్లీ పెట్టేశాను.